రంగం వెళ్ళిన మనవారు: కట్టూ, బజారూ

ఉగాది నాడు కొత్తబట్ట కట్టుకోవడం మనకు అనాదిగా వస్తున్న ఆచారం. సొంత ఊళ్ళో ఉన్నవాడు ఆ బట్టను గురించి పెద్దగా ఆలోచించడు. ఊళ్ళో సాలెవాడో, సంతలో జవుళి కొట్టువాడో ఎవరో ఒకరు ఉంటారు. అందరూ కట్టేదే తానూ కడతాడు. పరదేశం పోయినవాని సంగతి అది కాదు. ఏ బట్ట కొనాలి, ఎవరి అంగడిలో కొనాలి, తన ఒంటికి కొనాలా లేక ఇంటికి పంపాలా, అక్కడివారి కట్టు కట్టాలా లేక మన కట్టే నిలుపుకోవాలా అన్న ప్రశ్నలన్నీ వాని నెత్తిన పడతాయి. మన వలసల చరిత్ర వ్రాసేవారు ఓడల లెక్కలు, కూలిరేట్లు, చట్టాలు వ్రాస్తారు గాని ఈ బట్టల మూట విప్పి చూచేవారు తక్కువ. ఈ పండుగ సంచికకు అదే తగిన విషయమని తోచి, బర్మాలో బ్రతికిన మన వారి కట్టును గురించీ, బజారును గురించీ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

గంజాం మొదలు విశాఖ వరకు ఉన్న పల్లెల్లో పెద్దలు రంగూను అనరు, రంగం అంటారు. "వాడు రంగం పోయాడు" అంటే ఏదో నాటకమెక్కాడని కాదు, సముద్రం దాటాడని. బర్మావారు మనవారిని పిలిచిన పేరు కోరంగీలు. యానాం ప్రక్కనే ఉన్న కోరంగి రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడిన చోటు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన ఆ రేవును నేలమట్టం చేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రానికి ఆవలి ఒడ్డున నిలిచిపోయింది. కోరంగి ముఖమైనా చూడని బారువ మనిషి కూడా రంగూనులో కోరంగీయే! మలయా దేశంలో కళింగ శబ్దం క్లింగు అయి దక్షిణాదివారందరికీ అంటుకున్నట్టే ఇదీను. పరాయి ఊళ్ళో మన పేరు మనం పెట్టుకొనేది కాదు గదా.

మనుషులకంటే ముందు మన బట్ట వెళ్ళింది. వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ 1569 ప్రాంతంలో పెగూ రాజ్యం చూచి వ్రాసిన వృత్తాంతంలో, చోళమండల తీరం నుండి ఓడల మీద వచ్చే రంగుల అద్దకపు బట్టలను మెచ్చుకున్నాడు. ఉతికినకొద్దీ ఆ రంగులు మరింత వన్నె తేరుతాయని ఆశ్చర్యపోయాడు. ఆ ఎరుపు వెనుక ఉన్నది చిరివేరు. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేళ్ళను దంచి, నూలును మళ్ళీ మళ్ళీ ముంచి తీసే రంగు అది. నిజాంపట్టణం ప్రాంతపు చిరివేరుకు, మచిలీపట్టణం కలంకారీకి ఉన్న ఖ్యాతి లోకవిదితమే. బట్టతోపాటు రంగువేసిన ఎర్రనూలు కూడా బర్మాకు పోయేది, అక్కడి మగ్గాల మీద వారి ఇష్టం వచ్చిన నేతలో చేరేది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు బర్మాలో కొఠీలు పెట్టి చేసిన వ్యాపారంలో ఈ నూలూ, ఈ బట్టా ప్రధాన సరుకులు. కనుక మనవాడు పొట్ట చేతపట్టుకొని రంగూను రేవులో దిగేనాటికి, మన నూలు ఆ దేశపు నడుముకు మూడు వందల ఏళ్ళుగా చుట్టుకొనే ఉన్నది. ఈ సంగతి దిగినవానికీ తెలియదు, వానిని కోరంగీ అని పిలిచినవానికీ తెలియదు.

ఇంగ్లీషువారు 1852లో దిగువ బర్మాను, 1886 జనవరిలో మిగిలిన దేశాన్ని తమ పాలనలోకి తెచ్చుకున్నారు. ఐరావతీ ముఖద్వారపు అడవులు కొట్టి వరిపొలాలు చేయడం, రంగూనులో బియ్యపు మిల్లులు లేవడం, వాటికి మనుషులు కావలసి రావడం వరుసగా జరిగాయి. గోపాలపురం, బారువ, కళింగపట్టణం, భీమునిపట్టణం, విశాఖపట్టణం, కాకినాడ రేవులను తాకుతూ స్టీమర్లు నడిచేవి. వీటిలో చాలా చోట్ల ఓడ ఒడ్డుకు రాదు. అల్లంత దూరాన లంగరు వేస్తే, నారతో కుట్టిన మసూలా పడవల మీద అలలు దాటి ఓడ చేరాలి. 1920 తరువాతి దశకం చివరి యేళ్ళలో భారతదేశపు అన్ని రేవుల నుండీ ఏటా సుమారు మూడు లక్షల మంది రంగూనులో దిగేవారు. వారిలో చాలామంది మిల్లుల పని ముగియగానే, లేదా రెండు మూడేళ్ళకు, తిరిగి వచ్చేవారే. 1931 జనాభా లెక్కలనాటికి సుమారు 4 లక్షలున్న రంగూను పట్టణంలో 2 లక్షల 12 వేల పైచిలుకు భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉండేవారు. అందులో ఆడవారు బహు తక్కువ. ఈ ఒక్కమాట మనసులో ఉంచుకుంటేనే బట్టల కథ అర్థమవుతుంది.

వెళ్ళేవాని ఒంటిమీద ఏముండేది? ఒక ముతక పంచె, తలకో తువ్వాలు, చుట్టచుట్టిన దుప్పటి. మేస్త్రీ ఇచ్చిన బయానా డబ్బులో కొంత ఇంట ఇచ్చి, కొంత ఓడ టిక్కెట్టుకు పోగా, కొత్తబట్ట మాట ఎక్కడిది? రేవులో బస్తాలు మోసేవారు, మిల్లుల్లో ధాన్యం ఎత్తేవారు, రంపపు కోత మిల్లుల్లోనివారు, లాగుడు రిక్షావారు, పాకీపనివారు - రంగూనులో ఈ పనులన్నీ ఎక్కువగా మనవారి చేతుల్లోనే ఉండేవి. కూలి నేరుగా చేతికి రాదు. మేస్త్రీ చేతిమీదుగా, బాకీ కోత పోగా మిగిలినది వస్తుంది. ఉండటానికి బారకాసుల్లో ఇరుకు గదులు. 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కార్మిక సంఘంవారు ఆ బసల ఇరుకును గట్టిగానే విమర్శించారు. అటువంటి గదిలో మనిషికి సొంతమని చెప్పుకోవడానికి ఉండేది ఒక్క పెట్టె. ఆ పెట్టెలో ఉన్నదే వాని సంసారం.

ఇక బజారు. రంగూను నడిబొడ్డున వీధులన్నీ గళ్ళగుడ్డ పరచినట్టు అడ్డంగా నిలువుగా గీసినవి. డల్హౌసీ వీధి, ఫ్రేజరు వీధి, మొగలు వీధి, ఈ పేర్లన్నీ తరువాత మారిపోయాయి. సూరతు వర్తకుల పేరుమీదుగా సూరతీ బజారు ఉండేది. బర్మావారు దానిని తెయింజీ జే అంటారు. 1926లో కట్టిన స్కాట్ మార్కెట్టు ఉండేది. బర్మా స్వతంత్రమైన తరువాత దానికి బోజో ఆంగ్ సాన్ పేరు పెట్టారు. ఫిచ్ చౌకు దగ్గర 1910లో లేచిన రో కంపెనీ మేడ దొరల దుకాణం. అందులో లండను టోపీలూ, గౌనులూ. దాని ముందునుండి రిక్షా లాగినవారు మనవారు. ఇక కూలివాని బేరమంతా మొగలు వీధి ప్రక్కసందుల్లోనూ, చూలియా ముస్లిముల చిల్లర కొట్లలోనూ, సూరతీ బజారు అరుగుల మీదనూ సాగేది.

ఆ బజారులో మనవానిని మొదట నివ్వెరపరచినది సరుకు కాదు, సరుకు అమ్మే మనిషి. బర్మాలో అంగడి పీట మీద కూర్చునేది ఆడది. జడ పైకి ముడిచి, పువ్వు తురిమి, బుగ్గలకు తనకా పూసుకొని, బట్ట విప్పి చూపేదీ ఆమే, ధర చెప్పేదీ ఆమే, డబ్బు పెట్టెకు తాళం వేసేదీ ఆమే. తనకా అన్నది ఒక చెట్టు బెరడును సానమీద నీళ్ళతో అరగదీసిన గంధం వంటిది, మన ఆడవారి పసుపుకు అక్కయ్య అనుకోండి. మన జవుళి కొట్టులో మగవారు బేరమాడుతుంటే గుమ్మం బయట నిలుచునే ఆడవారిని చూచి పెరిగినవానికి ఇది వింతే. భాష రాదు. వేళ్ళతో లెక్క, తలతో అవునూ కాదూ. తిత్, న్హిత్, తోన్ అని ఒకటీ రెండూ మూడూ నేర్చుకోవడం బజారులోనే మొదలయ్యేది. కొలత విషయంలో మాత్రం కష్టం లేకపోయింది. బర్మావారు బట్టను తౌంగ్ లెక్కన కొలుస్తారు. మోచేతినుండి వేలి కొసవరకు, అచ్చంగా మన మూర. భాష కలవని చోట చెయ్యి కలిసింది. నాణెం కూడా భారతదేశపు రూపాయే. క్యాట్ అన్న సొంత నాణెం 1952లో వచ్చింది.

ఆ అంగళ్ళలో వ్రేలాడేదాంట్లో ముఖ్యమైనది లుంగీ. దీని చరిత్ర చిత్రమైనది. పూర్వపు బర్మా మగవాని కట్టు పసో అనే పొడవైన బట్ట, మన పంచెవలె చుట్టి, కుచ్చెళ్ళు దోపి, మిగిలినది భుజాన వేసుకొనేవాడు. ఇంగ్లీషువారి కాలంలో అది క్రమంగా పండుగలకు పరిమితమై, రెండంచులూ కలిపి కుట్టిన పొట్టిబట్ట నిత్యపు కట్టయింది. దాని పేరు లోంజీ. అది మన లుంగీ అన్న మాటే, ఇక్కడినుండి అక్కడికి పోయినదే. ప్రళయకావేరి రేవు పేరుతో పాలయకాటు లుంగీలని పేరుపడిన గళ్ళబట్ట మదరాసు రాజధాని మగ్గాల మీదనుండి బర్మాకూ, మలయాకూ ఎగుమతి అయ్యేది. ఆ రాజధాని నేతగాళ్ళలో తెలుగువారెందరో పాఠకులకు చెప్పనక్కరలేదు. అంటే మన మగ్గం మీద నేసిన గళ్ళబట్ట ఓడెక్కి రంగూను పోయి, అక్కడ మన కూలివాడే దానిని కొని నడుమున చుట్టి, తిరిగి వచ్చేటప్పుడు మరి రెండు పెట్టెలో పెట్టి తెచ్చి, "రంగం లుంగీ" అని ఊళ్ళో చూపించిన సందర్భాలు లేకపోలేదన్నమాట! సరుకు గొప్పతనం నేతలో ఉన్నదా, అది తిరిగి వచ్చిన దారిలో ఉన్నదా?

కట్టడంలో మాత్రం తేడా నిలిచింది. బర్మావాడు లుంగీ రెండు అంచులనూ నడిమికి తెచ్చి ముందువైపు ముడి దోపుతాడు. మనవాడు ప్రక్కకు మడిచి దోపుతాడు. వాడు చీలమండలదాకా వదులుతాడు. మనవాడు పనిలోకి దిగితే మోకాళ్ళ పైకి ఎగగడతాడు. అక్కడి ఆడవారి తమెయిన్ వేరు, దానికి ప్రక్కదోపు. కనుక మనవాని ప్రక్కదోపు చూచి అక్కడివారు నవ్వుకొని ఉంటే తప్పు పట్టలేము. చిన్న తేడాయే, అయితే ఇరవై గజాల దూరంనుండి మనిషి ఎవరో చెప్పేస్తుంది. చెప్పుల సంగతిలో మాత్రం మనవారికి చిక్కు రాలేదు. పగోడాల్లోకి దొరలు బూట్లతో పోవడం మీద బర్మావారు పెద్ద ఆందోళన చేసి, 1919లో ఆ నిర్ణయం భిక్షువుల చేతిలో ఉంచేటట్టు సాధించుకున్నారు. మనవారు అంతకుముందునుంచే గుడి మెట్లకింద చెప్పులు విడిచేవారు. చాలామందికి విడవడానికి చెప్పులే లేవన్నది వేరే మాట.

తనకని మనవాడు కొన్నది తక్కువ. ఒక లుంగీ, ఒక బనీను, వానకాలానికి గొడుగు. రంగూను వాన మన వాన కాదు, నెలల తరబడి కురుస్తుంది. బేరమంతా ఇంటికోసం. అమ్మకు గ్లాస్కో చీర, చెల్లెలి పెళ్ళికి పట్టు, తండ్రికి శాలువ, పిల్లలకు చీటిగుడ్డ. 1930 తరువాత జపాను చవుకబట్ట, కృత్రిమపు పట్టు బర్మా బజారును ముంచెత్తడంతో, కూలివాని అణాలకు కూడా తళతళలాడే బట్ట అందింది. రంగం నుండి వచ్చినవాడు ఊరి పొలిమేరలో ఆగి ముఖం కడుక్కొని ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ఊళ్ళోకి నడిచేవాడన్న మాట ఉత్తరాంధ్రలో ఇప్పటికీ వినవస్తుంది. బారకాసులో ఎగగట్టిన లుంగీతో బస్తా మోసిన సంగతి ఊరికి తెలియనక్కరలేదు. ఊరు చూడవలసినది చొక్కా. ఆ చొక్కా చూచి మరి నలుగురు కుర్రవాళ్ళు మేస్త్రీ వద్దకు పోయేవారు. మేస్త్రీకి ఇంతకంటె మంచి ప్రకటన ఏమున్నది?

ఆడవారు కూడా వచ్చి కాపురాలు పెట్టిన ఇళ్ళలో కథ మారింది. బట్ట ఇక్కడే కట్టడానికి కొనడం మొదలయింది. పెట్టె స్థానంలో గూడు వచ్చింది, గూట్లో మడతపెట్టిన చీరలు వచ్చాయి. పిల్లలు మాత్రం వీధిలో ఆడేవారితో కలిసి లుంగీ కట్టారు, బర్మా మాట నేర్చారు. బర్మా స్త్రీలను పెండ్లాడినవారి ఇళ్ళలో తమెయినూ తెలుగు పాటా కలిసి ఉన్నాయి. నా మట్టుకు నాకు తోచేది, మనవారు ఆ దేశంలో నిలదొక్కుకున్న తేదీని భూమి పట్టాల్లో గాక ఈ బట్టల బేరంలో వెతకాలని. ఊరికి పంపే మూట చిన్నదై, ఇంట్లో కట్టే బట్ట ఎక్కువైన సంవత్సరమే వారు అక్కడివారయిన సంవత్సరం. అయితే వారు అక్కడివారమనుకున్నంత మాత్రాన అక్కడివారు ఒప్పుకోవాలి గదా.

ఒప్పుకోకపోవడానికి కారణాలు వారికీ ఉన్నాయి. ఆ సంగతి మనం నిజాయితీగా చెప్పుకోవాలి. సొంత రాజధానిలో తామే తక్కువమందైన జాతి వారిది. రేవులో పని పరదేశికి, అప్పు పత్రం పరదేశి చేతిలో, దొరతనం మరొక పరదేశిది. 1920 తరువాత వారి జాతీయోద్యమం కూడా బట్టనే పట్టుకుంది. చేనేత ముతకబట్ట పిన్నీతో చొక్కాలు, యా ప్రాంతపు లుంగీలు దేశభక్తికి గుర్తులయ్యాయి. మన ఖద్దరుకు సోదరి అది. గాంధీజీ 1929 మార్చి 4న కలకత్తాలో విదేశీ వస్త్రదహనం చేయించి, దానిమీద కేసు నమోదు కాగా, ఆ వెంటనే బర్మా ప్రయాణమయ్యారు. తిరిగి వచ్చిన తరువాత ఒక రూపాయి జరిమానా పడింది. ఖద్దరు వారు కట్టినా, పిన్నీ వీరు కట్టినా ఆంగ్లేయుడే ఎదిరి. అయినా రెండు ముతకబట్టలూ ఒక్కటి కాలేదు.

మరుసటి ఏడే, 1930 మే నెలలో, రంగూను రేవులో తెలుగు కూలీలు కూలిపెంపు కోరి సమ్మె చేశారు. ఓడల కంపెనీలవారు బర్మావారిని పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరి మనవారిని తిరిగి పిలవడంతో బర్మా కూలీలను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన ఘర్షణ పట్టణమంతా పాకింది. రోజుల తరబడి సాగిన ఆ అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి, అందులో ఎక్కువమంది మనవారే. ఇద్దరు బీదవాళ్ళను ఒకే బస్తా కోసం పోటీకి దింపినవారు మాత్రం మేడల్లో క్షేమంగా ఉన్నారు. అటువంటి రోజుల్లో వీధిలో మనిషిని పోల్చుకొనే గుర్తు ఏది? కట్టే. ప్రక్కదోపు, తలగుడ్డ. అంతవరకు నవ్వు పుట్టించిన తేడా అప్పుడు ప్రాణం మీదికి వచ్చింది.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి విడిపోయింది. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూను మీద పడ్డాయి. 1942 మార్చి 8న పట్టణం వారి వశమయింది. ఆ నెలల్లో నాలుగైదు లక్షల భారతీయులు దేశం వదిలారు. ఓడ దొరికినవారు కొందరు, మిగిలినవారు తౌంగప్ కనుమ మీదుగా అరకాను వైపు, తమూ మీదుగా మణిపురం వైపు కాలినడకను నడిచారు. కలరా, మలేరియా, ఆకలి దారిపొడవునా ఉన్నాయి. పదివేలకొద్దీ జనం దారిలోనే రాలిపోయారు. మోయలేక దారిప్రక్కన విడిచిన మూటల్లో ఏయే చీరలు ఉన్నాయో ఎవరూ లెక్క వ్రాయలేదు.

యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్ళారు. పుట్టినది అక్కడ, ఇల్లు అక్కడ, వేరే ఎక్కడికి పోతారు? 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయింది. 1962 మార్చిలో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1963లో బ్యాంకులు, 1964లో అంగళ్ళు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఆనాడు దేశం విడిచేవారు తీసుకుపోగల డబ్బుకూ, ఒంటిమీది బంగారానికీ కఠినమైన ఆంక్షలు. ఒకనాడు పెట్టెలు నింపుకొని దిగిన ఓడల్లోనుంచి ఈసారి కట్టుబట్టలతో దిగారు, మదరాసులోనూ, విశాఖపట్టణంలోనూ. విశాఖలో కంచరపాలెం దగ్గర వారికోసం వెలసిన బస బర్మా క్యాంపు అన్న పేరుతో నిలిచింది. మదరాసు రేవు ఎదుట 1969 నుండి బర్మా బజారు నడిచింది. అత్తో అనే బర్మా నూడిల్సు అక్కడినుండే మదరాసు నాలుకకు అలవాటయింది.

అక్కడ కోరంగీలన్నవారిని ఇక్కడ బర్మావాళ్ళన్నారు. తెలుగు మాట్లాడుతున్నా యాస వేరు, లుంగీ ముడి ముందుకు. కన్నడదేశంలో, తమిళదేశంలో, ఓఢ్రదేశంలో తరాలుగా ఉన్న మన కుటుంబాలవారు స్వస్థలానికి చుట్టపుచూపుగా పోయినప్పుడు "మీ వైపు ఇలాగే కడతారా?" అన్న ప్రశ్న విననివారెందరు?

అందరూ రాలేదు. మోల్మేను ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు బడిలో బర్మాభాష చదువుతారు. తెలుగు ఇంట్లోనూ, గుడిలోనూ నేర్చుకుంటారు. మగవారి నిత్యపు కట్టు లుంగీ, ముడి ముందుకే. పండుగ వస్తే ఆడవారు పెట్టెలోనుంచి చీర తీస్తారు.